నటులు మోసిన కథలు

‘సిటీ ఆఫ్ జాయ్’ సినిమా కోసం ఓం పురి కలకత్తాలో మనిషి లాగే రిక్షాని లాగడం నేర్చుకున్నారు. ఆ సాధన తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. కర్రలు పట్టుకున్న చేతుల్లో, ముందుకు వంగిన నడుములో, రొప్పులో ఎక్కడా నటన అనిపించదు. భార్య కమలగా షబానా ఆజ్మీకి మాట తక్కువ, చూపు ఎక్కువ. డొమినిక్ లాపియేర్ 1985లో రాసిన పుస్తకం ఆధారంగా రోలాండ్ జోఫే తీసిన ఈ సినిమా 1992లో విడుదలైంది. ఇన్నేళ్ళ తర్వాత అందులో నిలిచింది ఆ ఇద్దరి నటన మాత్రమే. కథ నిలవలేదు.

ఇది ఒక్క సినిమాతో పోయే విషయం కాదు. పేదరికం, చావు, ఒంటరితనం, పిచ్చి లాంటి చీకటి విషయాలు తీసుకున్న సినిమాలను వరసగా చూస్తే నటన ఆకాశంలోనూ కథ నేలబారునా ఉన్నవి చాలా కనిపిస్తాయి. సమీక్షకులు కూడా ఒకే మాటతో సరిపెడతారు: కథనం కాస్త బలహీనమైనా నటీనటులు నిలబెట్టారు. ఆ బలహీనత దేనిదో, ఎక్కడ మొదలైందో అడగరు. అడగడానికి కోల్‌కతాని మించిన చోటు లేదు. ఈ తరహా సినిమాల్లో గొప్పవీ విఫలమైనవీ కూడా ఆ ఊళ్ళోనే, ఆ ఊరి గురించే ఎక్కువ వచ్చాయి. పైగా తెలుగు సినిమాకి ఆ ఊరు పరాయిది కాదు. 1930లలో సి. పుల్లయ్య ‘లవకుశ’ తీసింది కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకే.

ఓం పురి కంటే దాదాపు నలభై ఏళ్ళ ముందు అవే వీధుల్లో బల్‌రాజ్ సాహ్నీ రిక్షా లాగారు. బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ 1953లో వచ్చింది. సలీల్ చౌధురి కథ. శంభుకి రెండు బీఘాల పొలం ఉంది. ఫ్యాక్టరీ కోసం ఆ పొలం జమీందారుకి కావాలి. ఇవ్వనన్నందుకు పాత బాకీ లెక్క 235 రూపాయలకి పెరుగుతుంది, కోర్టు మూడు నెలల గడువిస్తుంది. శంభు కలకత్తా వచ్చి రిక్షా పడతాడు. అంతే కథ. కానీ ఆ 235 ప్రతి సన్నివేశంలోనూ ఉంటుంది. ప్రేమ జంట మధ్య పందెంలాగా ఒకడు రిక్షా ఎక్కి, ముందుపోయే రిక్షాని అందుకోమంటూ కూలి పెంచుకుంటూ పోతాడు. శంభు పరుగు పెంచుతాడు. ప్రతి అదనపు రూపాయీ పొలానికి దగ్గర చేస్తోందని అతనికీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. చివరికి చక్రం ఊడిపోతుంది. అక్కడ బల్‌రాజ్ సాహ్నీ ముఖంలో కనిపించే ఆశా భయమూ ఆయన నటనే. కాని ఆ పరుగుకి లెక్క సమకూర్చింది కథ.

ఆ పాత్ర ఎలా దొరికిందో సాహ్నీ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. కలకత్తాలో బీహారు నుంచి వచ్చిన ఒక రిక్షా మనిషి ఈ సినిమా కథ విని కన్నీళ్ళు పెట్టుకున్నాడట. అతనిదీ రెండు బీఘాల పొలమే, అదీ జమీందారు దగ్గర తాకట్టులోనే ఉంది. ఆ తర్వాత నటన సిద్ధాంతాలన్నీ పక్కన పెట్టి ఆ మనిషినే తనలోకి తెచ్చుకున్నానని సాహ్నీ రాశారు. నటుడి నిజాయితీకి దీన్ని ఉదాహరణగా చెబుతారు. నాకు ఇందులో కథ గొప్పతనం కూడా కనిపిస్తుంది. రాసుకున్న కథ ఎక్కడో ఒక మనిషి జీవితంతో లెక్కలతో సహా సరిపోయింది. అలాంటి కథలో నటుడు కన్నీళ్ళు వెతుక్కోవాల్సిన పని లేదు.

‘సిటీ ఆఫ్ జాయ్’లో ఓం పురి వేసిన హసారీ పాల్‌కీ ఇలాంటి లెక్క ఉండాల్సింది. పుస్తకంలో ఉంది కూడా. క్షయతో చస్తున్నానని తెలిసిన హసారీ కూతురి కట్నం కోసం తన అస్థిపంజరాన్ని బతికుండగానే అమ్ముకుంటాడు. పెళ్ళి అయిపోగానే ప్రాణం పోతుంది, కొన్నవాళ్ళు శవం కోసం వస్తారు. ఆ పుస్తకం మీద ఎన్ని అభ్యంతరాలున్నా, పేదరికాన్ని ఓ పాశ్చాత్యుడు అందంగా చూపించాడన్న ఆరోపణ ఎంత నిజమైనా, ఆ ఒక్క సంఘటన చదివినవాళ్ళని వదలదు. ఎందుకంటే అక్కడ హసారీ ఒక బేరం ఆడతాడు. తన దగ్గర మిగిలిందేమిటో చూసుకుని దాన్ని అమ్ముతాడు. సినిమా హసారీని బతికించి పెళ్ళి చూపిస్తుంది. కథకి మధ్యలో హ్యూస్టన్ నుంచి వచ్చిన డాక్టర్ మాక్స్‌ని నిలబెడుతుంది. పాట్రిక్ స్వేజీ పోషించిన ఆ పాత్ర మనోవేదన తీరడమే అసలు ప్రయాణమవుతుంది. ఇక హసారీకి మిగిలింది ఓర్చుకోవడం, దెబ్బలు తినడం, చివర్లో ఒకసారి ఎదురు తిరగడం. ఓం పురి ప్రతి దెబ్బనీ ఒంటి మీద చూపించారు. కాని ఆ మనిషి ఏం ఎంచుకున్నాడో చూపించే అవకాశం ఆయనకి దక్కలేదు.

షూటింగ్ రోజుల్లో కలకత్తాలో నిరసనలు జరిగాయి, కోర్టు కేసులు నడిచాయి, నాటుబాంబులు కూడా పడ్డాయి. నగరాన్ని మురికివాడగా చూపిస్తున్నారన్నది అప్పటి కోపం. ఆ కోపం అర్థమవుతుంది. కాని మురికివాడని చూపించడం అసలు నేరం కాదు. మురికివాడ మనిషిని సొంత నిర్ణయం లేనివాడిగా చూపించడమే నేరం.

చీకటి సినిమా కథ బలహీనంగా ఉందంటే అందులో సంఘటనలు తక్కువని కాదు, మలుపులు లేవనీ కాదు. కష్టాలన్నీ బయటి నుంచి వచ్చి పడుతుంటే పాత్ర వాటి కింద తడుస్తూ నిలబడిపోవడమే ఆ బలహీనత. మనిషి తప్పో ఒప్పో ఒకటి ఎంచుకోవాలి, దాని ఫలితం అనుభవించాలి. అది లేనప్పుడు రచయిత చెయ్యాల్సిన పని నటుడి మీద పడుతుంది. మంచి నటుడు ఆ లోటును ముఖంతో, గొంతుతో, మౌనంతో పూడుస్తాడు. మనం చప్పట్లు కొట్టి, లోటు పూడిందనుకుంటాం.

దీనికి ఎదురు ఉదాహరణగా ఎవరైనా ఋత్విక్ ఘటక్‌ని చూపిస్తారు. 1960లో వచ్చిన ‘మేఘే ఢాకా తారా’లో నీతా ఏం ఎంచుకుంది? దేశ విభజనలో సర్వం పోగొట్టుకుని కలకత్తా శివార్లలో తలదాచుకున్న కుటుంబాన్ని ఆ అమ్మాయి ఒక్కతే పోషిస్తుంది. చదువు వదులుకుంటుంది, ప్రేమించినవాడు చెల్లెల్ని చేసుకుంటాడు, తనకి క్షయ వస్తుంది. సుప్రియా చౌధురి నటన గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కాని ఈ సినిమాని ఆమె ఒక్కతే మోయలేదు. నీతా చుట్టూ ఉన్న ప్రతివాళ్ళూ ఏదో ఒకటి ఎంచుకుంటూనే ఉంటారు. సనత్ సుఖాన్ని ఎంచుకుంటాడు. చెల్లెలు గీతా దొరికిన అవకాశాన్ని వదలదు. నీతా పెళ్ళయిపోతే ఇల్లు గడవదని తల్లికి తెలుసు. ఆమె కూతురి వైపు చూస్తున్నప్పుడు పొయ్యి మీద ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు, ఆకలి ఎరిగిన మనిషి. మోసం తెలిసి నీతా మెట్లు దిగుతుంటే కొరడా దెబ్బ చప్పుడు. ఘటక్ శబ్దంతో కథ చెప్పారు. ఇక నీతా ఎవరికీ కాదనలేదు. కాదనలేకపోవడమే ఆమె చేసుకున్న ఎంపిక. చివర్లో కొండల మధ్య తనకి బతకాలని ఉందని అరిచినప్పుడు, అంతకాలం ఆమె నోరు తెరిచి అడగనిది అదొక్కటేనని మనకి గుర్తొస్తుంది.

‘సువర్ణరేఖ’ సంగతి వేరు. 1965లో విడుదలైన ఆ సినిమా మీద కాకతాళీయం అన్న విమర్శ అప్పుడే వచ్చింది. తాగి, కళ్ళజోడు లేక మసకగా చూస్తూ ఈశ్వర్ ఒక వేశ్య గదిలోకి వెళతాడు. ఆమె తన చెల్లెలు సీత. సీత కత్తిపీటతో ప్రాణం తీసుకుంటుంది. అతను ఏ గదిలోకి వెళ్ళినా అక్కడ ఉండేది ఎవరో ఒకరి చెల్లెలే కదా అన్నది ఘటక్ వాదన. ఆలోచనగా అది నిజం. కథగా నాకు అది పూర్తిగా చాలదు. అక్కడ సీతగా మాధవీ ముఖర్జీ కళ్ళు లేకపోతే ఆ దృశ్యం ఒక సిద్ధాంతానికి బొమ్మలా మిగిలిపోయేది. ఘటక్ అంతటివాడి సినిమాలోనూ కథ జారిన చోట నటి పట్టుకున్న సందర్భమిది.

నీతాకి తెలుగువాళ్ళకి బాగా తెలిసిన అక్క ఒకరున్నారు. బాలచందర్ 1976 ‘అంతులేని కథ’లో సరితగా జయప్రద. తమిళంలో 1974లో వచ్చిన ‘అవళ్ ఒరు తొడర్ కథై’కి అది తెలుగు రూపం. ఇంటినంతా ఒంటిచేత్తో మోసే ఆడపిల్ల అనగానే విమర్శకులు ఈ రెండు పాత్రల్నీ పక్కపక్కన పెట్టారు. అదే కథ 1977లో ‘కబిత’ పేరుతో బెంగాలీలోకీ వెళ్ళింది. సరిత నీతాలా ఊరుకునే రకం కాదు. నోరు పదును, విసురు ఎక్కువ. బాధ్యత లేని అన్నని నిలబెట్టి కడిగేస్తుంది. ఆ కోపమే పాత్రకి ప్రాణం. జయప్రద అప్పటికి ఇంకా కొత్త నటి. అయినా పాత్ర తడబడదంటే రాసినవాళ్ళు ఆమెకి ప్రతి సన్నివేశంలోనూ చెయ్యడానికొక పని ఇచ్చారు గనుక.

ఒకే దర్శకురాలి చేతిలో రెండు రకాలూ వచ్చిన సందర్భం అపర్ణా సేన్‌ది. 1981లో ‘36 చౌరంఘీ లేన్’. షేక్‌స్పియర్ పాఠాలు చెప్పే ఆంగ్లో ఇండియన్ టీచర్ వయొలెట్ స్టోన్‌హామ్, ఆమె పిల్లి, పాత ఫ్లాటు. ఒక యువ జంట ఆమె ఫ్లాటుని పగటిపూట వాడుకోవడానికి రాత పని అని చెప్పి చేరతారు. ఆమె ఆనందంగా తలుపు తీస్తుంది. పెళ్ళయ్యాక వాళ్ళకి ఆమెతో పని ఉండదు. క్రిస్మస్ రాత్రి తాము ఊళ్ళో ఉండబోమని చెప్పినవాళ్ళ ఇంటికి ఆమె స్వయంగా చేసిన కేకు తీసుకువెళుతుంది. కిటికీలోంచి లోపల పార్టీ కనిపిస్తుంది. ఇందులో ఘోరం ఏదీ జరగలేదు. చిన్న అబద్ధం, అంతే. కాని ఆ అబద్ధం బయటపడేలా కేకు పట్టుకుని వెళ్ళింది ఆమే. జెనిఫర్ కెండాల్ ఆ కిటికీ దగ్గర దాదాపు ఏమీ చెయ్యరు. చెయ్యక్కర్లేదు కూడా. ఆ క్షణానికి మనల్ని తీసుకొచ్చి నిలబెట్టే పని కథ అప్పటికే పూర్తిచేసింది.

ఇరవై నాలుగేళ్ళకి ఆమే తీసిన ‘15 పార్క్ అవెన్యూ’ చూడండి. స్కిజోఫ్రీనియా ఉన్న మీఠీగా కొంకణా సేన్ శర్మ, అన్నీ తానే అయి చూసుకునే అక్కగా షబానా, తల్లిగా వహీదా రెహమాన్, డాక్టరుగా ధృతిమాన్ ఛటర్జీ. ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకి నర్తించిన వహీదాని అంత నిశ్శబ్దమైన పాత్రలో చూడడం తెలుగు ప్రేక్షకుడికి వేరే అనుభవం. మీఠీకి లేని ఇల్లొకటి, లేని భర్త, అయిదుగురు పిల్లలు మనసులో ఉన్నారు. ఆ ఇంటి చిరునామా వెతుకుతుంటుంది. కొంకణా ఆ నమ్మకాన్ని పిచ్చిగా నటించరు, అందరూ తనని పట్టించుకోవడం లేదన్న విసుగుతో నటిస్తారు. అది చాలా గొప్ప అవగాహన. షబానా పాత్రలో ప్రేమా చిరాకూ ఒకే ఊపిరిలో ఉంటాయి.

ఇంత సంపద పెట్టుకుని సినిమా మీఠీ జబ్బుకి కారణం వెతకడంలో పడింది. విలేకరిగా వెళ్ళినచోట ఆమె మీద జరిగిన సామూహిక అత్యాచారం వస్తుంది. ఆ తర్వాత వదిలి వెళ్ళిన ప్రియుడు ఏళ్ళ తర్వాత భూటాన్‌లో ఎదురుపడతాడు. రాజకీయ హింస, ప్రియుడి అపరాధ భావం, అక్క ఒంటరితనం అన్నీ వరసలో నిలబడి తమ వంతు అడుగుతాయి. అంత పెద్ద గాయాన్ని కారణాల పట్టికలో ఒక వరసగా వాడుకోవడం నాకు నచ్చలేదు. మీఠీ ఊహలోని ఇంట్లోకి నడిచి మాయమయ్యే ముగింపు మీద చాలా చర్చ నడిచింది. నాకు ఆ ముగింపు నచ్చింది. అది కొంకణా నటనలోంచి సహజంగా వచ్చింది. అసలు ఇబ్బంది మధ్య భాగంతోనే. అక్కాచెల్లెళ్ళ మధ్య రోజువారీ బతుకే కథ అయ్యుంటే, చెల్లెల్ని చూసుకోవడం కోసం అక్క ఏమేం వదులుకుందో, దేన్ని వదులుకోనందో చూపించి ఉంటే, ఆ ముగింపు ఇంకెంత బలంగా తగిలేదో.

పాత్ర ఏదో ఒకటి ఎంచుకోవాలనగానే ‘దేవదాసు’ అడ్డు వస్తుంది. శరత్ కుర్రతనంలో రాసి 1917లో అచ్చైన ఆ నవలకి మొదటి సగంలోనే నిర్ణయం ఉంది. అర్ధరాత్రి గదికి వచ్చిన పార్వతిని కాదని కలకత్తా పారిపోయి, అక్కడి నుంచి ఉత్తరం రాయడం. ఆ ఉత్తరం తర్వాత కథ ముందుకి పోదు, కిందికి పోతుంది. తాగడం, దగ్గడం, తిరగడం. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన తెలుగు ‘దేవదాసు’లో ఆ రెండో సగాన్ని అక్కినేని నాగేశ్వరరావు మోశారు. తాగుబోతు సన్నివేశాలు రాత్రి పూట పెట్టించుకుని, పెరుగన్నం తిని, నిద్ర కమ్మే కళ్ళతో నటించానని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ బరువైన రెప్పలు తెలుగువాళ్ళకి తాగుడంటే ఇలా ఉంటుందన్న కొలతగా మారిపోయాయి. సావిత్రి పార్వతి పక్కన లేకపోతే ఆ కొలత కూడా నిలిచేది కాదు. నటన కథని కాపాడిన సందర్భాల్లో ఇంత సంపూర్ణంగా కాపాడింది మన భాషలో ఇంకొకటి లేదు. ఆ రక్షణ వల్లే, తర్వాత వచ్చిన ప్రతి విషాద కథా తాగే హీరో ఉంటే చాలనుకుంది. ఆ నష్టం గురించి మనం మాట్లాడుకోలేదు.

దీనికి భిన్నంగా, అంతకు ముందే 1939లో కలకత్తా ఈస్ట్ ఇండియా స్టూడియోలో పుల్లయ్య తీసిన ‘వరవిక్రయం’ ఉంది. కాళ్ళకూరి నారాయణరావు నాటకం అది. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముతున్నాడని పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. ఆ పాత్రతోనే భానుమతి సినిమాల్లోకి వచ్చారు. అక్కడితో ఆగితే అది ఏడిపించే కథ మాత్రమే. కాళ్ళకూరి చెల్లెలు కమలని తెచ్చారు. కట్నం ఇచ్చి పెళ్ళి చేసుకున్న కమల అత్తవారింటికి వెళ్ళదు, వరుణ్ణి మేము కొనుక్కున్నాం గదా అని అడ్డం తిరుగుతుంది, వ్యవహారం కోర్టుకెక్కుతుంది. ఒక చావు, దానికి జవాబుగా ఒక పని.

మరి నటన నిలబడి కథ కూలడం ఎందుకు జరుగుతోంది? కోల్‌కతా వరకు ఒక కారణం అక్కడి రంగస్థలం. 1944 నాటకం ‘నబాన్న’ నాటి నుంచి ప్రజా నాట్య సంఘం, ఆ తర్వాత శంభు మిత్ర ‘బహురూపి’, అజితేశ్ బంద్యోపాధ్యాయ ‘నాందీకార్’ తయారుచేసిన నటులు సినిమాకి ధారాళంగా దొరికారు. ‘నబాన్న’ రాసిన బిజన్ భట్టాచార్యే ‘మేఘే ఢాకా తారా’లో నీతా తండ్రి. అలాంటివాళ్ళు ముందు నిలబడితే ఎంత పలచటి సన్నివేశమైనా చిక్కబడుతుంది. అదే ప్రమాదం. దర్శకుడు తీసిన రషెస్ చూసి సంతృప్తి పడిపోతాడు. రెండో కారణం స్క్రిప్టు మీద మనకున్న చిన్నచూపు. మూడోది మన సమీక్షకుల మొహమాటం. తెర మీద ఆకలో అత్యాచారమో ఉంటే కథ బాగాలేదనడానికి నోరు రాదు. బాధని తక్కువ చేస్తున్నామేమోనన్న జంకు. నిజానికి బాధని తక్కువ చేసేది శ్రద్ధ లేని కథే.

కథ తక్కువుంటే కథనం బలహీనమన్న పొరపాటు కూడా వదలాలి. మృణాల్ సేన్ 1979 ‘ఏక్ దిన్ ప్రతిదిన్’లో ఇంటికి ఆధారమైన చీను ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి రాదు. రాత్రంతా ఇల్లు, అద్దె వాటాలవాళ్ళు తల్లడిల్లిపోతారు. తెల్లవారుజామున వస్తుంది. ఎక్కడికెళ్ళిందో సినిమా చెప్పదు. అడిగినవాళ్ళకి తనకీ తెలియదనేవారు సేన్. ఆమె లేని ఒక్క రాత్రిలో ఇంట్లో ఒక్కొక్కరూ భయపడేది దేనికో బయటపెట్టాక, ఆమె ఎక్కడుందన్నది అనవసరం. 1982 ‘ఖారిజ్’ ఇంకా నిర్దయగా ఉంటుంది. మధ్యతరగతి ఇంట్లో పనిచేసే కుర్రాడు పాలన్ చలికి వంటింట్లో పడుకుని బొగ్గు పొగకి చనిపోతాడు. ఆ ఇంటి దంపతులుగా అంజన్ దత్, మమతా శంకర్. ఎవరూ దుర్మార్గులు కాదు. పోలీసులేమంటారు, ఇంటివాడేమంటాడు, ఊరి నుంచి వచ్చిన తండ్రి ఏం చేస్తాడు అన్న వాళ్ళ భయాల వెంటే కథ నడుస్తుంది. కొడుకుని కాల్చి వచ్చిన ఆ తండ్రి చెయ్యెత్తుతాడేమో అనుకుంటారు. అతను వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోతాడు. కాన్స్‌లో 1983లో జ్యూరీ బహుమతి వచ్చింది.

అదే సేన్ 1977లో తెలంగాణకి వచ్చి తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారం. ప్రసవంతో చస్తున్న కోడలిని లోపల వదిలి బయట దుంపలు కాల్చుకు తినే తండ్రీకొడుకులు, ఆమె శవం మీద కప్పే గుడ్డ కోసం అడుక్కున్న డబ్బుతో తాగే తండ్రీకొడుకులు. కథలో కోడలు దాదాపు ఒక మూలుగు మాత్రమే. సేన్ ఆమెని నీలమ్మ చేసి ఆ గుడిసెలోకి తీసుకొచ్చారు. మమతా శంకర్ ఆ పాత్ర చేశారు. నీలమ్మ పనిచెయ్యాలనుకుంటుంది, ఇల్లు నిలబెట్టాలనుకుంటుంది. మామ వెంకయ్య, కష్టపడేది దొరని బలిపించడానికే గనుక పని చెయ్యనంటాడు. కన్నడ సినిమా ‘చోమన దుడి’లో నటించిన వాసుదేవరావు వెంకయ్యగా భయపెడతారు: ఆకలిని ఒక పంతంగా పట్టుకుని కూర్చున్న ముసలివాడు. కొడుకు కిష్టయ్యగా జి. నారాయణరావు ఆ ఇద్దరి మధ్యా నలుగుతాడు. మూడు పాత్రలకీ మూడు ఎంపికలు. నటన వాటి మీద నిలబడింది.

లోపాలు లేవని కాదు. వెంకయ్య కొన్నిచోట్ల ముసలివాడిలా కాక దర్శకుడి తరఫు వకీలులా మాట్లాడతాడు. అక్కడ వాసుదేవరావు గొంతు సంభాషణ కంటే ముందుంటుంది. నీలమ్మకీ కిష్టయ్యకీ మధ్య ఇంకొన్ని సన్నివేశాలుంటే ఆమె చావు ఇంకా లోతుగా దిగేది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి పొందిన ఈ సినిమా గురించి తెలుగులో ఇప్పటికీ ఒక గౌరవ వాక్యం రాసి వదిలేస్తారు. వెంకయ్య వాదన సరైనదా కాదా, నీలమ్మ ఓడిందా ఓడించబడిందా అని పోట్లాడుకుంటూ రాసిన సమీక్షలు కావాలి. ఆ తగవు పెట్టుకోగలిగినంత కథ ఆ సినిమాలో ఉంది.